గడియ లోపలికుండాలె

పికప్ బండి ఇంటికొచ్చిన రోజు కురుమూర్తి వాకిట్లో నలుగురిని పోగేశాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. బండి కొత్తదేం కాదు. అంతకుముందు ఎవరో కూరగాయలు తోలారట, వెనక తొట్టి మూలల్లో ఇంకా ఉల్లిపొట్టు అంటుకుని ఉంది. అయినా కురుమూర్తి మొహం వెలిగిపోతోంది. తాతల కాలం నుంచి గాడిదల మీద సామాను వేసుకుని గొర్ల వెంట వలస పోయిన ఇంటికి ఇప్పుడు నాలుగు చక్రాలొచ్చాయి. కొడుకు శ్రవణ్ కుమార్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఊరికే హారన్ కొడుతున్నాడు.

"ఏమే, బండికి బొట్టు పెట్టవా?" అని కురుమూర్తి పెండ్లాన్ని కేకేశాడు.

జములమ్మ గడప దాటలేదు. "మీ బండికి మీరే పెట్టుకోండ్రి," అంది.

వాకిట్లో ఉన్నవాళ్లు నవ్వారు. మల్దకల్ పక్కన ఉన్న ఆ ఊళ్లో జములమ్మ కోపం అందరికీ తెలిసిందే. కాకపోతే ఎప్పుడూ వచ్చే కోపం వచ్చినట్టే పోయేది. గొర్రెపిల్లను కుక్క పట్టిందని కుక్కను ఊరవతలి దాకా తరిమి, తిరిగొచ్చి నవ్వుతూ జొన్నరొట్టె చేసే మనిషి ఆమె. ఈ కోపం మాత్రం ఎండాకాలంలో మొదలైంది, వానలు పడ్డా చల్లారలేదు. మొగునితో అవసరమైన మాట తప్ప మాట్లాడి నెలలు గడిచాయి. కొడుకుతో అదీ లేదు.

జములమ్మ పుట్టింది గద్వాల దగ్గర పల్లెలో. అక్కడి అమ్మవారి పేరే పెట్టారు. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ కురుమలవే, రెండు చోట్లా గొర్లే బతుకుతెరువు. ఊరి బీళ్లలో గడ్డి ఎండిపోగానే మంద కదిలేది. బీచుపల్లి వంతెన మీద లారీలకు భయపడుతూ కృష్ణ దాటి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్, ఆ పైన కల్వకుర్తి దాకా నడిచేవాళ్లు. కాలువ నీళ్లొచ్చినప్పటి నుంచి అటు వరి బాగా వేస్తున్నారు. కోసిన మళ్లలో మందను నిలిపితే ఎరువు పడుతుందని రైతులు పిలిచి మరీ పెట్టించుకుంటారు. వానలు పడేదాకా ఈ చేను కాకపోతే ఆ చేను. జములమ్మ బతుకులో సగం అట్లా ఇతరుల చేలల్లోనే గడిచింది.

అంత బతుకులోనూ ఆమెకు తలుపు అనేది లేదు. రెండు కర్రల మీద వాలుగా కట్టిన తాడిపత్రి పట్టా, దాని కింద గొర్రెపిల్లలు, వాటి పక్కన ఆడవాళ్లు. బట్ట మార్చుకోవాలంటే ఒకరు చీర అడ్డం పట్టాలి. స్నానమంటే తెల్లవారకముందో, పొద్దుగూకే వేళో. నెలసరి రోజుల్లో పడే పాట్లు చెప్పుకోవడానికి కూడా ఎవరూ ఉండరు. శ్రవణ్ పుట్టిన మూడో నెలకే ఆమె మంద వెంట నడిచింది. గాలివానలో పిల్లవాణ్ని గొంగడిలో చుట్టుకుని తుమ్మచెట్టు కింద నిలబడింది. అప్పుడు కూడా ఇదేమిటని అనుకోలేదు. అమ్మ నడిచింది, అత్త నడిచింది, తానూ నడుస్తోంది, అంతే.

కోడలి విషయం వచ్చేసరికి అంతే అని ఊరుకోలేకపోయింది.

మాలతిది పెద్దమందడి. ఇంటర్ దాకా చదివింది. పెండ్లయ్యాక మొదటి వలస మొన్నటి ఎండాకాలమే. కల్వకుర్తి దాటాక ఒక కాలువ పక్కన చేనులో మంద పెట్టారు. ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా జములమ్మ చీర అడ్డం పట్టుకుంటే మాలతి స్నానం చేస్తోంది. మగవాళ్లు ఇంకా మందను మళ్లించుకుని రాలేదు. కాలువ గట్టు మీద ఒక మోటార్ సైకిల్ ఆగింది. ముందు నవ్వు వినబడింది. జములమ్మ తల తిప్పి చూస్తే ముగ్గురు పోరగాళ్లు, ఒకడి చేతిలో ఫోను పైకెత్తి ఉంది. గట్టు ఎత్తు మీది నుంచి చూస్తే ఆ చీర అడ్డమే కాదు.

జములమ్మ ఆ చీరను కోడలి ఒంటికి చుట్టేసి, గొర్లు మళ్లేసే కట్టె అందుకుని గట్టెక్కింది. ఇంత వయసు ఆడమనిషి అంత వేగంగా వస్తుందని వాళ్లు అనుకోలేదు. ఫోను పట్టుకున్నవాడి మోచేతి మీద కట్టె పడింది. కింద పడ్డ ఫోనును తీసి కాలువలోకి విసిరేసింది. వాళ్లు బూతులు తిడుతూ బండెక్కి పోయారు.

అంతటితో అయిపోతే ఆమె కోపం కూడా అంతటితో పోయేదేమో. కాసేపటికి ఆ ఊరి పెద్దమనుషులు ముగ్గురు, చేను రైతుతో కలిసి వచ్చారు. అప్పటికి కురుమూర్తి, శ్రవణ్ మందతో వచ్చి ఉన్నారు.

"పోరగాళ్లు తెల్వక ఏదో చూసిన్రు. గంత మాత్రానికే ఫోను నీళ్లల్ల ఏస్తదా? చెయ్యి జేసుకుంటదా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"ఎవడు తెల్వక జూసిండు? ఫోను బట్టుకోని..." జములమ్మ మాట పూర్తి కాలేదు. కురుమూర్తి మధ్యలోకి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైంది దొరా. ఆడిది, దానికి కోపం జర జాస్తి. మీ ఊర్ల మంద పెట్టుకోని బతికెటోళ్లం. ఈ ఒక్కసారికి వదిలెయ్యిండ్రి."

వాళ్లు వదల్లేదు. ఫోనుకు బదులు ఒక పొట్టేలును పట్టుకుపోయారు. మందలో మేలైనదాన్ని వాళ్లే చూసి ఎంచుకున్నారు. కురుమూర్తి దాని మెడకు తాడు కట్టి తన చేత్తో అందించాడు. శ్రవణ్ కుమార్ అక్కడే ఉన్నాడు. తల వంచుకుని కాలి బొటనవేలితో వరికొయ్యను గెలుకుతూ నిలబడ్డాడు. పొద్దు పూర్తిగా మునగకముందే ఆ చేను ఖాళీ చేసి కదిలారు. మర్నాడు పొద్దున కల్వకుర్తిలో మాలతి తన సంచీ భుజానికి తగిలించుకుని బస్సెక్కింది. మొగునికి చెప్పలేదు. అత్తతో మాత్రం, "నేను మళ్లీ రాను అత్తా," అంది. ఆ తర్వాత పెద్దమందడి నుంచి తిరిగి రాలేదు.

ఇదీ జములమ్మ కోపం.

బండి వచ్చాక వెనక తొట్టి మీద ఏం కట్టించాలనే మాట మొదలైంది. కురుమూర్తికి ఎలాంటి అనుమానమూ లేదు. ఇనుప కడ్డీలతో రెండంతస్తుల బోను కట్టించాలి. కింద గొర్రెపిల్లలు, పైన సంతకు తోలే పొట్టేళ్లు. శ్రవణ్ ఆలోచన వేరు. వాడు రోజూ ఫోనులో బండ్ల వీడియోలు చూస్తున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో పెద్ద పెద్ద బండ్లకు వెనక రాక్‌లు కట్టించుకుని, వాటి మీద మడత డేరాలు వేసుకుని, కొండల్లో, ఎడారుల్లో సరదాగా తిరుగుతుంటారు. అలాంటి రాక్ కట్టించి, ముందు వరసగా లైట్లు పెట్టించాలని వాడి కోరిక.

"సామాను పైన కడతం, చూస్తానికి గూడ మంచిగుంటది నాయినా," అంటాడు.

"లైట్లు గొర్లు తింటయారా?" అంటాడు కురుమూర్తి.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని రోజూ ఇదే పంచాయితీ. లోపల జొన్నలు చెరుగుతూ జములమ్మ వింటోంది. ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక మధ్యాహ్నం శ్రవణ్ ఫోను అరుగు మీద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్తే, ఆడుతున్న వీడియో ఆమె కంటపడింది. ఒక తెల్లామె బండి తొట్టి మీద కట్టిన గూడులోకి వంగి దూరింది. లోపల పరుపు, చిన్న కిటికీ. తలుపు మూసుకుని చిటికెన వేలంత గడియ లోపలి నుంచి వేసుకుంది. బయట అంతా అడవి. ఆమె మొహంలో భయం లేదు.

జములమ్మ చేట కింద పెట్టింది. శ్రవణ్ రాగానే సైగ చేసి ఆ వీడియోను మళ్లీ పెట్టించుకుని చూసింది.

"ఈమె ఏం పని జేస్తదిరా?" అని అడిగింది. కొడుకుతో చాలా రోజుల తర్వాత మాట్లాడిన మాట అది.

"పనేం లేదమ్మా. సెలవులకు తిరుగుతుండ్రు. సరదా."

"సరదాకు పండుకునేదానికి గడియ ఉన్నది. బతుకంతా చేన్లల్ల పండుకునేదాన్ని, నాకు లేదు."

ఆ సాయంత్రమే ఆమె అరుగు మీదికి వచ్చి ఇద్దరి ముందూ నిలబడి చెప్పింది. తొట్టి మీద గూడు కట్టాలి. కూర్చుంటే తల తగలొద్దు. చుట్టూ రేకు ఉండాలి, గాలికి జాలీ ఉండాలి, జాలీకి పరదా ఉండాలి. వెనక తలుపు ఉండాలి, గడియ లోపలికి ఉండాలి. రాత్రి అందులో ఆడవాళ్లు పడుకుంటారు, పగలు అందులోనే స్నానం చేస్తారు.

కురుమూర్తి నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

"బండి కొన్నది గొర్లకానే, నీకా? పిల్లలు వానకు తడిస్తే సస్తయి."

"మొన్నటి ఎండకాలం వడగండ్ల వాన పడ్డనాడు పిల్లలు తాడిపత్రి కింద ఉన్నయి. నేను, మాలతి యాడున్నం? గుర్తున్నదా నీకు?"

కురుమూర్తికి గుర్తులేదు. అసలు ఆ సంగతి చూసి ఉంటే కదా గుర్తుండటానికి.

"గాడిద కింద గూసున్నం," అంది జములమ్మ. "గొర్రెపిల్లకు కప్పున్నది, కోడలికి లేదు. పొట్టేలును ఇచ్చి నా కోపాన్ని అమ్ముకున్నవ్. ఇగ నేను రాను. మీరిద్దరే పోండ్రి, మీరే వండుకోండ్రి, పిల్లలను మీరే సాదుకోండ్రి."

ఆడవాళ్లు కోపంలో రామంటారు, బయల్దేరే రోజు మూట కట్టుకుంటారు అని కురుమూర్తి అనుకున్నాడు. బీళ్లు ఎండాయి. మంద కదిలే రోజు వచ్చింది. తొట్టి మీద ఇంకా ఏదీ కట్టించలేదు, తాడిపత్రి కప్పి తాళ్లతో బిగించారు. మంద చుట్టూ కట్టే వలలు, గిన్నెలు, గొంగళ్లు అన్నీ ఎక్కించారు. జములమ్మ వాకిలి ఊడ్చి, బండి పోవడానికి కుర్చీ పక్కకు జరిపింది. అంతకుమించి కదల్లేదు. మంద దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. మంద తోడు లేని ఎండాకాలం ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మంద వనపర్తి దాటకముందే అసలు సంగతి తెలిసొచ్చింది. మగవాళ్లిద్దరూ పగలంతా గొర్ల వెంట ఉంటే, అప్పుడే పుట్టిన పిల్లలను చూసే దిక్కు లేదు. తల్లి దగ్గరికి రానివ్వని పిల్లకు పాలు పట్టించడం, చలికి వణికేదాన్ని ఒళ్లో పెట్టుకుని వెచ్చబెట్టడం, ఏ పిల్ల ఏ తల్లిదో గుర్తుపట్టడం, ఇవన్నీ జములమ్మ చేతిలో పనులు. అవి పనులని కురుమూర్తికి అంతవరకూ తెలియదు. నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. ఉడికీ ఉడకని అన్నం తిని శ్రవణ్‌కు కడుపునొప్పి పట్టుకుంది. మందను దారిలో కలిసిన బంధువుల మందతో కలిపి వదిలి, కురుమూర్తి కొడుకుతో బండిలో ఇంటికొచ్చాడు. కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"పిల్లలు సస్తున్నయి. నీ పంతం సల్లగుండ, నువ్వు మనిషివేనా?"

జములమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏయే గొర్రెల పిల్లలు చనిపోయాయో అడిగింది. నల్లచెవుల గొర్రె పిల్ల కూడా పోయిందని విని కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ లేవలేదు.

"మనిషినే. గందుకే గడియ అడుగుతున్న," అంది.

కురుమూర్తి చెయ్యెత్తాడు. జములమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"కొట్టు. గా కాలువకాడ ఎత్తని చెయ్యి ఇంట్ల ఎత్తుతున్నవ్. కొట్టు, ఊరంత జూస్తది."

ఎత్తిన చెయ్యి దిగింది. వెనక నుంచి శ్రవణ్ అన్నాడు, నెమ్మదిగా: "నాయినా, కట్టిద్దం. అమ్మ చెప్పినట్టే కట్టిద్దం." రాక్ మాట, లైట్ల మాట వాడు మళ్లీ ఎత్తలేదు.

వనపర్తిలో నిరంజన్ వెల్డింగ్ షాపుకు బండిని తీసుకెళ్లారు. పాల బండ్లకు, కోళ్ల బండ్లకు, బేకరీ బండ్లకు వెనక డబ్బాలు కట్టడంలో నిరంజన్‌కు పేరుంది. జములమ్మ చెప్పినదంతా విని తల గీరుకున్నాడు.

"అక్కా, నాలుగు దిక్కుల రేకు కొడితే ఎండకు లోపల రొట్టె కాలినట్టు కాలుతరు. వంపు కడ్డీల కమాన్లు పెట్టి తాడిపత్రి కప్పుకోండ్రి, సల్లగుంటది."

"తాడిపత్రిని ఎవడైన చెయ్యి పెట్టి లేపొచ్చు. వద్దు."

కాసేపు వాదులాట అయ్యాక ఒక దారి దొరికింది. కింద సగం రేకు, పైన సగం గట్టి జాలీ, జాలీకి లోపలి వైపు నుంచి దించుకునే పరదా. కప్పు మీద చిన్న కమ్మీల రాక్, వలలూ గొంగళ్లూ దాని మీద వేస్తే రేకుకు నీడ పడుతుంది. మరీ ఎత్తు పెడితే చేలదారుల్లో చెట్ల కొమ్మలు కొడతాయి, గాలికి బండి ఊగుతుంది. అందుకని కూర్చుంటే తలకు జానెడు ఖాళీ ఉండేంత ఎత్తు. ఎంత ఎత్తో తెలియడానికి జములమ్మ తొట్టి ఎక్కి కూర్చుంది. నిరంజన్ చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాడు. బండిలో మనుషులను ఎక్కించుకుని పోవద్దని, ఆపిన చోటనే పడుకోవాలని, మార్చిన సంగతి కాగితాల మీద ఎక్కించుకోవాలని కూడా చెప్పాడు.

"మేమెప్పుడు ఎక్కి పోయినం? నడిచేటోళ్లమే," అంది ఆమె.

చెప్పిన రోజుకు వెళ్తే గూడు తయారుగా ఉంది. ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. కురుమూర్తి చుట్టూ తిరిగి రేకును తట్టి చూసి బాగుందన్నాడు. జములమ్మ వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. గడియ బయటికి ఉంది. తాళం వేసుకోవడానికి కొండీ కూడా బయటికే ఉంది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. నున్నటి రేకు తప్ప ఏమీ లేదు.

"ఇదేంది?" అంది.

"గడియ అక్కా. తాళం గూడ పడతది."

"లోపల యాడున్నది?"

నిరంజన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నాలుక కరుచుకున్నాడు. కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. "లోపలెందుకక్కా? బండి డబ్బాకు గడియ బయటనే ఉంటది. అన్ని బండ్లకు గట్లనే కొడతం. మొగోళ్లు బయట ఉంటరు గద, ఏసి తాళం చెవి దగ్గర పెట్టుకుంటరు."

కురుమూర్తి కూడా, "ఔనే, నేనే ఏస్త తాళం, ఎవడొస్తడు?" అన్నాడు.

జములమ్మకు ఆ మాట నెత్తిన సుత్తెతో కొట్టినట్టయింది. నిజం సుత్తె పక్కనే నేల మీద ఉంది. దాన్ని తీసుకుని కొత్త గడియ మీద ఒక్కటి వేసింది. రంగు లేచిపోయింది. షాపులో గ్రైండర్ ఆగింది. పనివాళ్లు తిరిగి చూశారు.

"మేం గొర్లమా, తోలి బయట గడియ పెట్టనీకి? ఏసెటోడు నువ్వు, తీసెటోడు నువ్వు, ఇగ దాంట్ల నేనేంది? ఎవరన్న వస్తే నేను తలుపు ఏసుకోవాలె. నాకు బుద్ధి పుడితే తియ్యాలె. గదొక్కటే అడిగిన నేను. అన్ని యాదికున్నయి మీకు, జాలీ యాదికున్నది, రంగు యాదికున్నది, గదొక్కటి ఎట్ల మర్చిపోయిన్రు?"

"నా షాపుల లొల్లి పెట్టకక్కా," అన్నాడు నిరంజన్.

"పెడత. గడియ పెట్టేదాక పెడత." సుత్తె పట్టుకునే గూట్లోకి ఎక్కి కూర్చుంది. దిగనంది.

నిరంజన్ గొణుక్కుంటూ బయటి గడియను కోసేశాడు. లోపల రెండు గడియలు బిగించాడు, పైనొకటి, కిందొకటి. జములమ్మ తలుపు మూసి వేసుకుని, "ఇప్పుడు గుంజుండ్రి," అని లోపలి నుంచి అరిచింది. తండ్రీకొడుకులిద్దరూ కలిసి లాగారు. రేకు వంగి పై గడియ జారింది. ఆమె కిందికి దిగింది. మందపాటి పట్టీ వేసి మళ్లీ బిగించారు. మళ్లీ లోపలికెక్కి గుంజమంది. ఈసారి ఇద్దరూ కాలు తన్ని లాగినా రాలేదు. లోపల జములమ్మ రెండు గడియలనూ చేత్తో తడిమి చూసింది. పుట్టి బుద్ధెరిగాక వలస బతుకులో తాను వేసుకున్న మొదటి గడియ అది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఇన్నేళ్లూ ఇంత చిన్న ఇనుప ముక్క లేకపోయిందా అని కోపమే వచ్చింది.

బండి నేరుగా మందకు పోతుందనుకున్నారు. ఆమె పెద్దమందడికి తిప్పమంది. కురుమూర్తిని వనపర్తిలోనే మంద దగ్గరికి బస్సెక్కించి, తాను కొడుకు పక్కన కూర్చుంది.

మాలతి వాళ్ల ఇంటి ముందు బండి ఆగింది. మాలతి గుమ్మంలోకి వచ్చి మొగుణ్ని చూసి మొహం తిప్పుకుంది. జములమ్మ ఆమెను రమ్మని బతిమాలలేదు. "ఊకె సూడు. నచ్చకుంటే రాకు," అంది. మాలతి బండి చుట్టూ తిరిగి చూసింది. పరదా దించి చూసింది. తర్వాత లోపలికెక్కి తలుపు మూసుకుంది. రెండు గడియలూ పడ్డ చప్పుడు బయటికి వినబడింది.

ఎంతకీ తీయలేదు. శ్రవణ్ వెళ్లి తలుపు తట్టాడు.

"మాలతీ, ఎండ ఎక్కుతుంది. తియ్యి."

"తియ్య," అంది లోపలి నుంచి. "ఆ దినం నువ్వు యాడున్నవ్?"

శ్రవణ్ చుట్టూ చూశాడు. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి చూస్తున్నారు. "ఇప్పుడదంతా ఎందుకు? ఇంట్లకు పోయి మాట్లాడుకుందం."

"ఇంట్ల కాదు. ఆ దినం అందరి ముందర మా అత్త ఒక్కతే కొట్లాడింది. మీ నాయిన చేతులు జోడిచ్చిండు. నువ్వు నేలకేసి జూసినవ్. నా దిక్కు గూడ చూడలే. అందరు ఇనంగ చెప్పు, యాడున్నవ్?"

కొడుకు తన వైపు చూస్తే జములమ్మ వేరేవైపు చూసింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. శ్రవణ్ చొక్కా తడిసిపోయింది. జాలీకి దగ్గరగా జరిగి అన్నాడు:

"ఆడనే ఉన్న. భయమైంది. వాళ్లు శానా మంది ఉంటరు, మందను పట్టుకుపోతరేమో అని భయమైంది. నీకంటే మంద యాదికొచ్చింది నాకు. తప్పే."

చాలాసేపటికి గడియలు తీసిన చప్పుడైంది. మాలతి చెమటతో తడిసి ముద్దై దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత జేసినా గాలి చాలుతలేదు అత్తా. ముందరి దిక్కు గూడ జాలీ పెట్టాలె," అంది.

వస్తానని ఆమె ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత తానే నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి ఫోను చేసింది. ముందు వైపు జాలీ పెట్టించాకే వస్తానంది, పెట్టించాకే మంద దగ్గరికి వచ్చింది.

ఆ ఏడు వలసలో ఆ ఆకుపచ్చ గూడు చుట్టూ చాలా గొడవలు జరిగాయి. వాన పడిన ఒక మధ్యాహ్నం కురుమూర్తి గొర్రెపిల్లలను తెచ్చి అడక్కుండానే లోపల వదిలాడు. జములమ్మ వాటిని కాదనలేదు, కానీ సాయంత్రం గూడంతా ఆయన చేతే కడిగించింది. దారిలో కలిసిన మందల ఆడవాళ్లు బిందెతో నీళ్లు పట్టుకుని వచ్చి, "జర స్నానం జేసుకుంటం అక్కా," అని అడిగి గడియ వేసుకునేవారు. లోపల వాళ్లు నవ్వుకునే చప్పుడు వినబడేది. వాళ్ల మగవాళ్లు కురుమూర్తి దగ్గర కూర్చుని, "నీ బండి మా ఇండ్లల్ల లొల్లి తెచ్చింది," అని సణిగేవారు. ఒకరిద్దరు నిరంజన్ షాపు ఎక్కడని కూడా అడిగారు.

కాలువ పక్కన ఉన్న ఆ ఊరి దారి మాత్రం వాళ్లు పట్టలేదు. పోదామని జములమ్మ అంది. కురుమూర్తి వద్దన్నాడు, చుట్టూ తిప్పి తోలుకెళ్లాడు. ఆ పొట్టేలు మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. కాలువ దగ్గర తాను చేసింది తప్పని కూడా అనలేదు. కొడుకు అన్న మాట మొగుని నోట రాలేదు.

మంద ఇంటిదారి పట్టే ముందు ఒక పొద్దున, జములమ్మ బియ్యం కడుగుతుంటే కురుమూర్తి వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు కట్టె పుల్లతో నేల మీద గీతలు గీశాడు.

"గూడు కట్టిస్తిమి. కోడలొచ్చె. నీకింక కోపం పోలేదా?"

"పోలేదు."

"మరి ఎప్పుడు పోతదే?"

"నువ్వు నోరు తెరిస్తే పోతది. ఏమనాల్నో నీకు ఎర్కనే."

కురుమూర్తి నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. లేచి దుమ్ము దులుపుకుని గొర్ల వైపు నడిచాడు. జములమ్మ కడుగునీళ్లు గట్టు మీదికి ఒంపి, పొయ్యి మీద ఎసరు పెట్టింది.